గ్రీకు ట్రాజెడీని అరిస్టాటిల్ పద్ధతిలో చదవడం ఎలా?

"ఈడిపస్‌లో హమర్తియా ఏమిటండీ? కోపమా, అహంకారమా?" ఎం.ఏ. విద్యార్థులు, నెట్, సెట్ పరీక్షలకు చదివేవాళ్లు, నాటికలు రాసే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. హమర్తియా అంటే నాటకంలో నాయకుడు కష్టాల్లో పడడానికి అరిస్టాటిల్ చెప్పిన కారణం. రెండింటిలో ఒకటి చెప్పమంటారు. నేను చెప్పలేను. ఆ రెండూ కావని నా నమ్మకం. ఎందుకు కావో మాటల్లో చెబితే ఎవరికీ నిలవదు. నాటకం చేతిలో పెట్టుకుని ఒక్కొక్క పని చేసుకుంటూ పోతే మీకే కనిపిస్తుంది. అందుకే ఆ పనులన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

సాధనకు సోఫోక్లీస్ రాసిన 'ఈడిపస్ రాజు' తీసుకుందాం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కావ్యకళ మీద రాసిన తన 'పొయెటిక్స్'లో మాటిమాటికీ చూపించిన నాటకం అదే. ఒక్క సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. సోఫోక్లీస్ చనిపోయింది క్రీ.పూ. 406లో, అరిస్టాటిల్ పుట్టింది క్రీ.పూ. 384లో. సోఫోక్లీస్ ఏ సూత్రాలనూ చూసి నాటకం రాయలేదు. తయారై ఉన్న నాటకాలను చూసి, అవి ఎందుకు పనిచేస్తున్నాయో అరిస్టాటిల్ తర్వాత ఆలోచించాడు. మనమూ అదే వరసలో వెళ్దాం, నాటకం ముందు, సూత్రం తర్వాత.

కావలసినవి

- నాటకం అనువాదం ఒకటి. తెలుగైనా ఇంగ్లీషైనా పర్వాలేదు. అంచున పంక్తుల సంఖ్యలు ఉన్న ప్రతి దొరికితే సగం పని తగ్గుతుంది. మొత్తం 1530 పంక్తులు.
- 'పొయెటిక్స్' అనువాదం. 26 చిన్న అధ్యాయాలే. మొదటిసారికి 6 నుంచి 14 వరకు చాలు.
- నోట్‌బుక్, పెన్సిల్.
- ఎవరూ మధ్యలో లేపని మూడు గంటలు.

గైడ్ పుస్తకాన్ని మాత్రం చివరిదాకా పక్కన పెట్టండి. అందులో ఉన్న ఒక్క వాక్యం, "ఈడిపస్ లోపం అహంకారం" అన్నది, ముందే బుర్రలోకి వెళ్లిందంటే నాటకంలో ఇంకేమీ కనిపించదు.

1. ముందు నాటకం మొత్తం పైకి చదవండి

ఒకే కూర్చోవడంలో, గొంతెత్తి చదవండి. ఇద్దరు ముగ్గురు ఉంటే పాత్రలు పంచుకోండి. ఏథెన్స్‌లో కూడా మాటలాడే నటులు ముగ్గురే, ముసుగులు మార్చుకుని అన్ని పాత్రలూ వాళ్లే వేసేవారు. చదివేటప్పుడు జాలి కలిగిన చోట ఒక చుక్క, భయం వేసిన చోట ఒక గీత పెట్టండి. కారణాలు రాయొద్దు. ఈ గుర్తులు చివర్లో కావాలి.

కథ ముందే తెలుసు కదా అని ఈ మెట్టు దాటేయకండి. అప్పటి ప్రేక్షకులకూ ఈడిపస్ కథ కొత్తది కాదు.

2. నాటకాన్ని భాగాలుగా విడగొట్టండి

కోరస్, అంటే పాటలు పాడే బృందం, పాడే చోట్ల గీత కొడితే నాటకం తనంతట తానే విడిపోతుంది. కోరస్ రాకముందున్నది ప్రొలోగ్, ఇక్కడ 1 నుంచి 150 వరకు. కోరస్ ప్రవేశగీతం పారోడోస్, 151 నుంచి 215 వరకు. ఆ తర్వాత సంభాషణ ఘట్టం, పాట, మళ్లీ ఘట్టం, మళ్లీ పాట, ఇలా నాలుగుసార్లు. చివరి పాట 1222తో ముగుస్తుంది, మిగిలినదంతా ఎక్సోడోస్. అనువాదాన్ని బట్టి ఒకటి రెండు పంక్తులు అటూ ఇటూ కావచ్చు.

దీని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. ఏది ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించగలిగితే చాలు.

3. "ఆ తర్వాత"ని "అందుచేత"గా మార్చండి

పేర్లు లేకుండా కథను పది వాక్యాల్లో రాయండి. పేర్లు తీసేయమన్నది నా సొంత తెలివి కాదు. ముందు కథను సాధారణ రూపంలో వేసుకోవాలి, పేర్లు తర్వాత పెట్టుకోవాలి అని 17వ అధ్యాయంలో అరిస్టాటిల్ నాటకకర్తలకే చెప్పాడు. ఇప్పుడు ప్రతి వాక్యానికీ ముందు "అందుచేత" పెట్టి చూడండి. ఒకటి జరిగాక ఇంకొకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఇంకొకటి జరగడం వేరు. ఆయన ప్లాట్ అన్నది ఈ రెండో దాన్నే.

నేను రాసుకున్నది ఇలా ఉంటుంది. ఊరికి తెగులు పట్టింది. అందుచేత రాజు బావమరిదిని అపోలో దేవుడి జోస్యం కోసం డెల్ఫీకి పంపాడు. పాత రాజును చంపినవాణ్ణి వెళ్లగొట్టమని జవాబు వచ్చింది. అందుచేత రాజు ఆ హంతకుణ్ణి అందరి ముందు శపించాడు, జోస్యుణ్ణి పిలిపించాడు. జోస్యుడు "ఆ హంతకుడివి నువ్వే" అన్నాడు. అందుచేత రాజు ఇది బావమరిది కుట్ర అనుకుని గొడవకు దిగాడు. అందుచేత రాణి మధ్యలోకి వచ్చి, జోస్యాలను పట్టించుకోవద్దని చెప్పబోయి, పాత రాజు మూడు దారుల కూడలిలో చనిపోయిన సంగతి చెప్పింది. కూడలి మాట వినగానే రాజు గుండె జారింది. అందుచేత ఆ రోజు బతికి బయటపడ్డ ఒకే ఒక్క సాక్షి కోసం కబురు పంపాడు.

ఇక్కడిదాకా గొలుసు ఎక్కడా తెగదు. తర్వాత కోరింత్ నుంచి ఒక ముసలి దూత వస్తాడు. ఇక్కడ "అందుచేత" పెట్టి చూడండి, కుదరదు. అతని రాక కాకతాళీయం. చాలామంది ఈ అతుకును గమనించకుండా "అన్నీ కార్యకారణాలే" అని రాసేస్తారు. గమనించినట్టు రాయండి, మీ విశ్లేషణకు బలం వస్తుంది. ఇంకో అడుగు వేసి, అతను రావడానికి ముందు వేదిక మీద ఏం జరిగిందో చూడండి. రాణి అప్పుడే అపోలోకు మొక్కి, ఈ భయం నుంచి బయటపడేయమని ప్రార్థించింది. ఆ మాట ముగిసీ ముగియగానే దూత వచ్చాడు. దేవుడు పంపినట్టే ఉంటుంది. 9వ అధ్యాయంలో అరిస్టాటిల్ చెప్పిన ఉదాహరణ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. ఆర్గోస్‌లో మితిస్ అనే ఆయన విగ్రహం, అతన్ని చంపినవాడి మీదే పడి వాణ్ణి చంపింది. యాదృచ్ఛికమైనా ఏదో ఉద్దేశంతో జరిగినట్టు కనిపించే సంఘటన మనల్ని ఎక్కువ కదిలిస్తుందని ఆయన అన్నాడు.

నాటికలు రాసేవాళ్లు మీ సొంత స్క్రిప్టు మీద ఈ ఒక్క మెట్టు ప్రయోగించి చూడండి. "అందుచేత" కుదరని చోట్లు మూడు దాటితే కథ మళ్లీ అల్లుకోవాలి.

4. తెర లేవకముందు జరిగినవి వేరే పేజీలో రాయండి

తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడడం నాటకంలో జరగవు, ఎప్పుడో జరిగిపోయాయి. పసివాడి మడమలు కుట్టి కొండ మీద వదిలేయమనడం, పశువుల కాపరి జాలిపడి ఇంకో కాపరికి ఇవ్వడం, కోరింత్‌లో తాగుబోతు ఒకడు "నువ్వు వాళ్ల కొడుకువి కావు" అనడం, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న డెల్ఫీ జోస్యం, కూడలిలో హత్య, స్ఫింక్స్ అనే రాక్షసి అడిగిన పొడుపుకథ, పెళ్లి. ఇవన్నీ ఎడమ పేజీలో. కుడి పేజీలో వేదిక మీద ఒక్క రోజులో జరిగినవి.

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. కుడివైపు కొత్తగా జరిగింది చాలా తక్కువ. తెలుసుకోవడమే ఈ నాటకంలో జరిగే పని.

ఇన్నేళ్లు రాజ్యం చేసినవాడు పాత రాజు ఎలా చనిపోయాడో ఒక్కసారి కూడా వాకబు చేయలేదా అని మీకు అనుమానం రావాలి. అరిస్టాటిల్‌కూ వచ్చింది. నమ్మశక్యం కాని ఆ సంగతి నాటకానికి బయట ఉంది కాబట్టి సరిపెట్టుకోవచ్చని 24వ అధ్యాయంలో అన్నాడు.

5. పెరిపెటియాను వేలు పెట్టి చూపించండి

రాజు బిచ్చగాడు కావడం పెరిపెటియా కాదు. అది కష్టాల్లో పడడం, ప్రతి ట్రాజెడీలోనూ ఏదో ఒక రూపంలో ఉండేదే. అనుకున్నది ఒకటై, చేసిన పనే దానికి ఎదురు తిరగాలి. అప్పుడది పెరిపెటియా, అంటే తిరుగుడు. కోరింత్ దూత మంచి కబురు తెచ్చానని సంబరంగా వచ్చాడు. "మీ తండ్రి పాలిబస్ మామూలుగానే చనిపోయాడు, ఇక తల్లి గురించి కూడా బెంగ వద్దు, ఆమె మీ కన్నతల్లి కాదు" అని ధైర్యం చెప్పబోయాడు. ఆ ధైర్యమే కొంప ముంచింది. 11వ అధ్యాయంలో అరిస్టాటిల్ చూపించింది ఈ ఘట్టాన్నే. మూడో ఘట్టంలో, 924వ పంక్తి దగ్గర నుంచి చూడండి.

దీనికంటే ముందు చిన్న తిరుగుడు ఒకటుంది. రాణి భర్తకు ఊరట ఇవ్వడానికే కూడలి మాట ఎత్తింది, భయం పుట్టింది అక్కడే. దాన్నీ రాసుకోండి, కానీ అరిస్టాటిల్ ఉదాహరణ అదే అని మాత్రం చెప్పకండి.

సరిచూసుకోవడానికి ఒకే వాక్యం: "ఫలానావాడు ఫలానా మేలు చేయబోయాడు, ఆ పనివల్లే కీడు జరిగింది." ఈ వాక్యం పూర్తికాకపోతే మీరు పట్టుకున్నది పెరిపెటియా కాదు.

6. అనగ్నోరిసిస్ కోసం వరసల పట్టిక వేయండి

ఈ మెట్టులో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అనగ్నోరిసిస్ అంటే తెలియనితనం నుంచి తెలివిడికి రావడం, దాంతో మనుషులు ఒకరికొకరు అయినవాళ్లుగానో పగవాళ్లుగానో తేలడం. "అయినవాళ్లు" అన్న మాట గ్రీకులో అరిస్టాటిల్ వాడిన దానికి బాగా దగ్గర. మన భాషలో ప్రతి చుట్టరికానికీ విడి పేరుంది కాబట్టి ఇంగ్లీషులో కనిపించని దెబ్బ ఇక్కడ కనిపిస్తుంది. ఇలా వేయండి, ముందు అనుకున్న వరస, తర్వాత తేలిన వరస:

- జొకాస్టా: భార్య, కన్నతల్లి
- క్రియోన్: బావమరిది, మేనమామ
- ఆంటిగొనీ, ఇస్మీనీ: కూతుళ్లు, చెల్లెళ్లు
- పాలిబస్: తండ్రి, పెంచినవాడు
- లాయస్: దారిలో ఎదురుపడ్డ ఎవరో ముసలాయన, తండ్రి

బావమరిది అనుకుని కుట్ర అంటగట్టి చంపుతానన్న మనిషి మేనమామ అని తేలింది. ఈ పట్టిక నోట్‌బుక్‌లో మొదటిసారి వేసిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. ఎన్ని వ్యాసాలు చదివినా నాకు అంత బలంగా తగల్లేదు.

పట్టిక కింద ఇంకో రెండు రాయండి. ఎవరికి ముందు తెలిసింది? రాణికి. దూత మాటలు వింటూనే ఆమెకు అర్థమైంది, ఇక వెతకొద్దని బతిమాలి, 1072 దగ్గర లోపలికి వెళ్లిపోయింది. ఈడిపస్‌కు తెలిసింది 1182 దగ్గర. మధ్యలో ఉన్న ఆ నూటపది పంక్తులూ తనకు తెలియనిది ఆమెకు తెలిసిందన్న సంగతి కూడా అతనికి తెలియదు. మీ భయం గీతలు ఇక్కడ దట్టంగా ఉన్నాయేమో చూడండి. రెండోది, ఎలా తెలిసింది? మడమల మచ్చలు ఉన్నాయి కదా అని "ఆనవాళ్ల వల్ల" అని రాసేస్తుంటారు. 16వ అధ్యాయంలో అరిస్టాటిల్ ఆనవాళ్లతో తెలియడాన్ని తక్కువ రకంగా లెక్కగట్టి, ఈడిపస్‌ను సంఘటనల నుంచే తెలియడం అన్న మేలు రకంలో పెట్టాడు. హత్య చూసిన సాక్షీ, ఆనాడు బిడ్డను ఇచ్చేసిన కాపరీ ఒకే మనిషి కావడం వల్ల అది సాధ్యమైంది. ఒక ప్రశ్న అడగడానికి పిలిపించినవాడు ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాడు.

7. హమర్తియా: "తెలియక" అన్న మాటతో వాక్యం కట్టండి

ఇక అసలు ప్రశ్న. 13వ అధ్యాయం నిదానంగా చదవండి. మహా సజ్జనుడు కష్టాల్లో పడితే మనకు రోత కలుగుతుంది. దుర్మార్గుడు పడితే జాలి రాదు. అందుకని మధ్యరకం మనిషి కావాలి, అతను దుర్మార్గం వల్ల కాకుండా ఏదో హమర్తియా వల్ల పడాలి. ఆ మాటకు మూలం గురి తప్పడం. విలుకాడు వేసిన బాణం తగలకపోవడం లాంటిది.

తెలుగులో లోపం, దోషం, తప్పు, పొరపాటు వేరువేరు. లోపం మనిషిలో ఉంటుంది. పొరపాటు మనిషి చేసే పనిలో ఉంటుంది. డిగ్రీలో నేను కూడా "విషాద లోపం" అని బట్టీపట్టినవాణ్ణే. "పొరపాటు" అన్న మాట పెట్టి అధ్యాయం మళ్లీ చదివినప్పుడు అన్నీ సర్దుకున్నాయి.

ఇప్పుడు ఈ వాక్యం నింపండి: "ఫలానా అని తెలియక ఫలానా పని చేశాడు." తండ్రి అని తెలియక ముసలాయన్ని చంపాడు. తల్లి అని తెలియక రాణిని పెళ్లాడాడు. ఈ తెలియనితనమే ఆరో మెట్టులో తెలివిడిగా మారింది. హమర్తియా, అనగ్నోరిసిస్ ఒకే తాడుకు రెండు కొసలు. "కోపం" అని రాస్తే ఈ తాడు తెగిపోతుంది. కోపాన్ని గుర్తించడానికి ఏ రహస్యమూ విప్పనక్కర్లేదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు ఇవి.

కోపమే కారణమనడం. ఈడిపస్ కోపిష్ఠి, కాదనను. కూడలిలో అతను శాంతంగా ఉంటే హత్య జరిగేది కాదని వాదించే పండితులున్నారు, ఆ వాదన మీ జవాబులో ఉండొచ్చు. కానీ దారిలో కొట్లాడి పరాయి ముసలాయన్ని చంపి ఉంటే ఈ నాటకం పుట్టేదే కాదు. ఆ మనిషి తండ్రి కావడం, అది ఇతనికి తెలియకపోవడం వల్లే పుట్టింది.

అహంకారం అనడం. రెండో పాటలో కోరస్ హ్యూబ్రిస్, అంటే హద్దు మీరిన అహంకారం, గురించి పాడుతుంది, పరీక్ష రాసేవాళ్లు అది పట్టుకుంటారు. ట్రాజెడీకి కారణం హ్యూబ్రిస్ అని 'పొయెటిక్స్'లో ఎక్కడా లేదు. పైగా ఈడిపస్ కోరింత్ వదిలి వెళ్లింది ఎందుకు? తల్లిదండ్రులు అనుకున్నవాళ్లకు తన వల్ల కీడు జరగకూడదని. అతని మంచితనమే అతన్ని ఆ కూడలికి తెచ్చింది.

విధి, కర్మ అనడం. మనకు అలవాటైన మాటలు కాబట్టి చేయి అటే పోతుంది. అరిస్టాటిల్ తన విశ్లేషణను విధి మీద నిలబెట్టలేదు. నాటకంలో కూడా ఈడిపస్ ఒక గీత గీసి చెబుతాడు. ఈ బాధలు తెచ్చింది అపోలో, కానీ కళ్లు పొడుచుకున్న చేయి నాదే అంటాడు. 1329వ పంక్తి దగ్గర ఉంటుంది. విధి గురించి రాయాలనుకుంటే ఆ పంక్తులతో మొదలుపెట్టండి.

8. కథార్సిస్ గురించి చివర్లో, క్లుప్తంగా

ట్రాజెడీ జాలి, భయాల ద్వారా ఆ భావాలకు కథార్సిస్ జరిపిస్తుంది అని అరిస్టాటిల్ ఇచ్చిన నిర్వచనంలో ఈ మాట ఒక్కసారే వస్తుంది. పుస్తకంలో ఇంకోచోట వచ్చినా అది ఒరెస్టిస్ అనే పాత్రకు చేసే శుద్ధి గురించి. అంత పెద్ద మాటకు ఇందులో వివరణ లేదు కాబట్టే వాదాలు ఇన్ని. వైద్యంలోలాగా భావాలను బయటికి పంపేయడం అని యాకోబ్ బెర్నేస్ 1857లో గట్టిగా వాదించాడు, మనం "భావ విరేచనం" అనేది ఆ దారిలోదే. భావాలను శుద్ధి చేయడం అనేవారు కొందరు, సంఘటనలను స్పష్టం చేయడం అనేవారు కొందరు. మీరు ఏ అర్థం తీసుకుంటున్నారో ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి.

జాలిని కరుణ రసంతో, భయాన్ని భయానక రసంతో సమానం చేసేయడం ఇక్కడి ప్రమాదం. భరతుడి ఆలోచన ప్రేక్షకుడి ఆస్వాదన చుట్టూ తిరుగుతుంది. అరిస్టాటిల్ ఆ రెండు భావాలనూ కథ అల్లికలోంచి పుట్టించమంటాడు. నాటకం చూడకుండా ఈడిపస్ కథ విన్నా ఒళ్లు జలదరించాలి అన్నాడు 14వ అధ్యాయంలో. పోల్చండి, తప్పు లేదు. కలిపేయొద్దు.

సరిగ్గా చేశామో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి మెట్టులో పెట్టిన చుక్కలు, గీతల దగ్గరికి రండి. అవి దట్టంగా ఉన్న చోట్లూ, మీరు గుర్తించిన పెరిపెటియా, అనగ్నోరిసిస్ ఉన్న చోట్లూ చాలావరకు కలవాలి. కలవకపోతే గుర్తులు చెరిపేయకండి, మీ విశ్లేషణను మళ్లీ చూడండి.

రాసినదాంట్లో "మూడు ఐక్యతలు అరిస్టాటిల్ సూత్రాలు" అని ఉందేమో వెతకండి. ఉంటే కొట్టేయండి. ఆయన పట్టుబట్టింది కథలో ఐక్యత ఒక్కదాని మీదే. కాలం గురించి, ట్రాజెడీ వీలైనంతవరకు సూర్యుడి ఒక్క చుట్టులో ఇమడడానికి చూస్తుందని గమనించాడు, అంతే. స్థలం గురించి ఏ నియమమూ లేదు. మూడింటినీ నియమాలుగా బిగించింది 1570లో కాస్టెల్వెత్రో అనే ఇటలీ పండితుడు.

"ట్రాజెడీ అంటే విషాదాంతం" అన్న వాక్యం కూడా చూడండి. తెలుగులో తొలి ట్రాజెడీగా పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' పేరులోనే విషాదం ఉంది, అందుకని ఈ అర్థం మనకు సహజంగా అనిపిస్తుంది. గ్రీకులకు అలా కాదు. యూరిపిడీస్ రాసిన టారిస్ ఇఫిజెనియా నాటకంలో అక్క తమ్ముణ్ణి బలి ఇవ్వబోయి, గుర్తుపట్టి, ఇద్దరూ తప్పించుకుంటారు. అదీ ట్రాజెడీయే. చేయకముందే తెలియడం అన్నిటికంటే మేలైన పద్ధతి అని అరిస్టాటిల్ 14వ అధ్యాయంలో మెచ్చుకున్నాడు. కష్టాల్లోకి పడడమే మేలని 13లో అన్న మాటకు ఇది ఎదురుగా ఉంది, నిజమే. పండితులు ఇప్పటికీ దీని మీద తర్జనభర్జన పడుతున్నారు. మీరు రెండూ రాయండి, ఒకటి దాచేయకండి.

ఆఖరి పరీక్షగా, ఇవే మెట్లు యూరిపిడీస్ 'మెడియా' మీద వేయండి. క్రీ.పూ. 431 నాటి నాటకం, ఆ ఏడాది పోటీలో మూడో స్థానం వచ్చింది. ఏడో మెట్టు దగ్గర మీ పెన్ను ఆగుతుంది. మెడియాకు అన్నీ తెలుసు. పిల్లలు తన పిల్లలే అని తెలిసే చంపుతుంది. "తెలియక" వాక్యం నిండదు. అరిస్టాటిల్ కూడా తెలిసి చంపేవాళ్లకు ఉదాహరణగానే ఆమెను చూపించాడు, చివర్లో ఆమె రథమెక్కి వెళ్లిపోవడాన్ని కథలోంచి పుట్టని ముగింపు అని తప్పుపట్టాడు. ఆ ఖాళీలో బలవంతంగా "అసూయ" అనో "ప్రతీకారం" అనో రాయకండి. ఖాళీగా వదిలేసి, పక్కన ఇంకో ప్రశ్న రాసుకోండి: తెలియనితనం లేకుండానే ఈ నాటకం మీ నోట్‌బుక్‌లో ఇన్ని చుక్కలు, గీతలు ఎలా పెట్టించింది?